కాల్దొ అంటే కాలుద్ది!

తాడేపల్లిగూడెంలో బంధువుల పెళ్లి. సంక్రాంతి వెళ్లిన వారం. భోజనం ముగించి, పూతరేకు చేత్తో పట్టుకుని ఓ మూల కుర్చీలో కూర్చున్నాను. ఒకావిడ వచ్చి ఎదురుగా నిలబడింది. యాభై దాటి ఉంటాయి. కొల్లేటి లంకల్లో ఒక ఊరు ఆవిడది.

‘మాస్టారూ, మీకు ఇటలీ బాస వచ్చంట కదండీ. నాకు రెండు నెలల్లో నేర్పగలరా?’

పూతరేకు నా చేతిలోనే నలిగిపోయింది.

సంగతేమిటంటే, ఆవిడ కూతురు, అల్లుడు ఇటలీలో ఉంటున్నారు. మిలాన్‌కు దక్షిణంగా పావియా అనే ఊళ్లో. అమ్మాయికి వైశాఖంలో పురుడు. వియ్యపురాలికి మోకాళ్ల నొప్పులు. కాబట్టి ఈవిడే వెళ్లాలి. టిక్కెట్టు, వీసా సంగతి అల్లుడు చూసుకుంటాడు. బెంగంతా భాష గురించే.

‘నేను ఏడో తరగతండి. ఇంగ్లీషు ముక్క రాదు. ఇంగ్లీషే రానిదానివి ఇటలీ ఏం వెళ్తావే అని అందరూ నవ్వుతున్నారు. నవ్వితే నవ్వనీండి. అల్లుడు రాత్రి డ్యూటీలకి వెళ్తాడు. అమ్మాయీ నేనూ ఉన్నప్పుడు ఏదన్నా అయితే, ఎవరికి ఏమని చెప్పాలండీ?’

ఆ చివరి మాట దగ్గర ఆవిడ గొంతు మారింది. నేను లేచి నిలబడ్డాను.

‘ఇంగ్లీషు రాకపోవడమే మీకు కలిసొస్తుందమ్మా. ఆదివారాలు ఏలూరు రండి. ఒక నోటుపుస్తకం తెచ్చుకోండి. తెలుగులోనే రాసుకుందాం’ అన్నాను.

ధైర్యం చెప్పడానికి అన్నమాట కాదది. ఎందుకో వినండి.

ఫాదరు గారి పాఠం

మన జిల్లాలకు ఇటలీ కొత్తేం కాదు. మిలాన్‌లో 1850లో మొదలైన ఒక మిషనరీ సంస్థ, 1855 నుంచే హైదరాబాద్ ప్రాంతానికి ఫాదర్లను పంపింది. తర్వాత వాళ్లు కృష్ణా, గోదావరి ప్రాంతాలకూ వచ్చారు. 1976లో ఏలూరు పీఠం విడిగా ఏర్పడేదాకా ఇక్కడి చర్చిలు విజయవాడ పీఠం కిందే ఉండేవి. మా చిన్నతనంలో అలాంటి ఇటలీ ఫాదరు ఒకాయన సైకిలు మీద ఊళ్లు తిరిగేవారు. ‘ఏవయ్యా, అమ్మ బాగుందా?’ అని అడిగితే, కళ్లు మూసుకుని వింటే మనవాడే అనుకోవాలి. ఇంగ్లీషు దొరలకు పలకని ‘త’, ‘ద’ ఆయనకు వెన్నపూసలా పలికేవి. నాకు వచ్చిన నాలుగు ఇటాలియన్ ముక్కలూ ఆయన పెట్టిన భిక్షే.

తెలుగును ‘ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్’ అంటారని మనం మీసం మెలేస్తుంటాం. పదిహేనో శతాబ్దంలో విజయనగరం చూసిన వెనిస్ యాత్రికుడు నికోలో కొంటి పేరు ఆ మాటకు జోడిస్తుంటాం. 19వ శతాబ్దపు ఇంగ్లీషు రచయితలూ ఆ పోలిక వాడారు. అయితే రెండు భాషలకూ చుట్టరికం లేదు. తెలుగు ద్రావిడ భాష. ఇటాలియన్ లాటిన్ బిడ్డ. పోలికల్లా కాకతాళీయమే. కానీ రెండు నెలల్లో విమానం ఎక్కాల్సిన తల్లికి చుట్టరికంతో పనేముంది? పోలిక చాలు.

ముందు నోరు తిరగాలి

మొదటి ఆదివారం మేము నేర్చుకున్నది ఒక్కటే. ఇటాలియన్‌ను ఇంగ్లీషు కళ్లతో చూడకూడదు. ఇంగ్లీషు చదివిన మన పిల్లలు ‘టుట్టో’ అంటారు. అది ‘తుత్తొ’. అంటే ‘అంతా’. మన త, ద లాగే వాళ్ల త, ద కూడా నాలుక పళ్లకు తగిలితే పుట్టేవే. ట, డలతో పనిలేదు.

రెండో సంగతి. మాటలు చాలామట్టుకు అచ్చుతో ముగుస్తాయి. ఇల్లు ‘కాస’. పుస్తకం ‘లీబ్రొ’. పాలు ‘లాత్తె’. చివరన పొట్టి ఎ, పొట్టి ఒ ఉన్నాయి చూశారా? మన అక్షరమాలలో వాటికి విడిగా అక్షరాలున్నాయి. ఇంతకంటే ఏం కావాలి?

మూడోది ద్విత్వం. ఒత్తు పెట్టకపోతే అర్థమే మారిపోతుంది. మనకు కల వేరు, కల్ల వేరు. గడి వేరు, గడ్డి వేరు. వాళ్లకు ‘సోనొ’ అంటే ‘నేను ఫలానా’ అని చెప్పే మాట. ‘సొన్నొ’ అంటే నిద్ర. ‘కపెల్లొ’ వెంట్రుక, ‘కప్పెల్లొ’ టోపీ. ఇంగ్లీషు వాళ్లు ఇక్కడ తడబడతారు. మనకు రెండో తరగతి గుణింతాల పాటి పని.

అమ్మమ్మను వాళ్లు ‘నొన్న’ అంటారని చెప్పగానే ఆవిడ నవ్వేసింది. ‘అయితే నేను నొన్ననండి!’ అంది. ఆ మాటే మా మొదటి వాక్యమైంది. ‘సోనొ ల నొన్న.’ నేను అమ్మమ్మని.

‘ఉంది’తో ఊరంతా చెప్పొచ్చు

చుట్టూ ఉన్నది చెప్పాలంటే రెండు మాటలు చాలు. ఒకటి ఉంటే ‘చె’, ఎక్కువ ఉంటే ‘చి సోనొ’. అచ్చంగా మన ‘ఉంది’, ‘ఉన్నాయి’. కాకపోతే ముందు వస్తాయి.

ఇంటిపని ఇచ్చాను. ‘మీ ఇంటి ముందు ఏముందో రాసుకురండి’ అని. వచ్చే ఆదివారానికి నోటుపుస్తకంలో ఇలా ఉంది: ‘చె ఇల్ లాగొ.’ సరస్సు ఉంది. ‘చె ఉన బార్క.’ ఒక పడవ ఉంది. ‘చి సోనొ లె రేతి.’ వలలు ఉన్నాయి. ‘చి సోనొ ఇ పెల్లికాని.’ గూడబాతులు ఉన్నాయి. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ గుర్తింపు పొందిన కొల్లేరు, నాలుగు వాక్యాల్లో ఇటాలియన్‌లోకి వచ్చేసింది!

లేదని చెప్పడం ఇంకా సులువు. ముందు ‘నొన్’ చేర్చడమే. ‘నొన్ చె ఇల్ లాత్తె.’ పాలు లేవు. ఇక్కడో తమాషా. మనకు పాలు, నీళ్లు బహువచనం. వాళ్లకు ఏకవచనం. కాబట్టి పాలు ఎన్ని లీటర్లున్నా ‘చె’యే.

ఇంకో సంగతి చూడండి. ‘ఎవరూ లేరు’ అన్నప్పుడు మనం ‘ఎవరూ’ అని ఊరుకోం, ‘లేరు’ అనీ అంటాం. వాళ్లూ అంతే. ‘నొన్ చె నెస్సూనొ.’ ‘ఏమీ లేదు’ అంటే ‘నొన్ చె న్యెంతె.’ ఇంగ్లీషు టీచరు రెండు వ్యతిరేకాలు ఒక వాక్యంలో పెడితే తప్పంటారు. ఇటలీలో పెట్టకపోతే తప్పు!

‘నాకు’ అంటే చాలు

నాకు అన్నిటికంటే ముద్దొచ్చే పోలిక ఇది. ఇంగ్లీషులో ‘నేను చేపను ఇష్టపడతాను’ అనే పద్ధతి. మనం అలా అంటామా? ‘నాకు చేప నచ్చింది’ అంటాం. చేపలు ఎక్కువైతే ‘నచ్చాయి’ అంటాం. అంటే క్రియ మారేది తినేవాణ్ని బట్టి కాదు, చేపను బట్టి.

ఇటాలియన్‌లోనూ అదే. ‘మి’ అంటే ‘నాకు’. ‘మి ప్యాచె ఇల్ రీసొ’ అంటే నాకు అన్నం ఇష్టం. ‘మి ప్యాచొనొ ఇ గాంబెరి’ అంటే నాకు రొయ్యలు ఇష్టం. రొయ్యలు చాలా ఉన్నాయి కాబట్టి ప్యాచె కాస్తా ‘ప్యాచొనొ’ అయింది. ఇంగ్లీషు మీదుగా వెళ్లినవాళ్లకు ఇది ముడిపడిన వల. తెలుగు మీదుగా వెళితే తిన్నగా రేవులో దిగుతాం.

‘నాకు చాలు’ అంటే ‘మి బాస్త’. ‘నాకు కావాలి’ అంటే ‘మి సేర్వె’. ‘నాకు తల నొప్పి పెడుతోంది’ అంటే ‘మి ఫ మాలె ల తేస్త’. ‘ఆమెకు’ అంటే ‘లె’. కాబట్టి ‘ఆమెకు కడుపు నొప్పి పెడుతోంది’ అంటే ‘లె ఫ మాలె ల పాంచ’. ఈ వాక్యం దగ్గర ఆవిడ నవ్వలేదు. పెన్ను గట్టిగా నొక్కి రాసుకుంది. కింద గీత గీసుకుంది.

అండీ గారూ అక్కడా ఉన్నారు

మన గోదావరి మనిషికి ‘అండి’ లేకపోతే మాట మింగుడుపడదు. ఇటలీలోనూ నువ్వు, మీరు ఉన్నాయి. ‘తు’ అంటే నువ్వు. ‘లేయి’ అంటే మీరు. ‘ఎలా ఉన్నావు?’ అనడానికి ‘కోమె స్తాయి?’ ‘ఎలా ఉన్నారండీ?’ అనడానికి ‘కోమె స్త?’ ముక్కూముఖం తెలియని పెద్దవాళ్లను పిలవాలంటే ‘స్కూజి’. అది మన ‘ఏవండీ’యే అనుకోండి. చిన్నవాళ్లనైతే ‘స్కూజ’. డాక్టర్లు, షాపువాళ్లు, పక్కింటి పెద్దావిడ... వీళ్లందరికీ ‘మీరు’ వాడాలి. ఇంగ్లీషులో ఒకే ‘యు’తో సరిపెట్టేస్తారు కాబట్టి, ఆ దారిన వెళ్లినవాళ్లు అక్కడ అందరినీ నువ్వు అనేస్తుంటారు. మనకు ఆ బెడద లేదు.

ఇంకో సుఖం. ‘నేను’, ‘నువ్వు’ అని ప్రతిసారీ చెప్పక్కర్లేదు. మనం ‘మాట్లాడతాను’ అంటే చివరి ‘ను’ చాలు, ఎవరో తెలిసిపోతుంది. వాళ్ల ‘పార్లొ’ అంటే మాట్లాడతాను. ‘పార్లి’ మాట్లాడతావు. ‘పార్ల’ మాట్లాడతాడు, మాట్లాడుతుంది. తోకను బట్టి మనిషిని పోల్చుకోవడమే.

‘తింటున్నాను’ అనే మాటను విడదీయండి. తింటు, ఉన్నాను. వాళ్లూ అలాగే రెండు ముక్కలు పెడతారు. ‘స్తొ మంజాందొ.’ ‘స్తొ’ అంటే ఉన్నాను. ‘మంజాందొ’ అంటే తింటూ. మన జత వెనక ముందు అయింది, అంతే.

కాలు జారే చోట్లు

అన్నీ పోలికలే చెప్పి ఊరుకుంటే నేను మోసగాడినవుతాను. జారే చోట్లూ ఉన్నాయి.

మొదటిది ‘ఎ’ అనే చిన్న మాట. మనం ‘ఈమె మా అమ్మాయి’ అంటాం. మధ్యలో క్రియ లేదు. ఇటాలియన్‌లో అక్కడ ‘ఎ’ పెట్టి తీరాలి. ‘లేయి ఎ మీయ ఫీల్య.’ ఆవిడ నెల రోజులు ‘ఎ’ మరిచిపోతూనే ఉంది. నేను గుర్తుచేస్తూనే ఉన్నాను.

రెండోది ఆడ, మగ. మనకు బల్లకూ కుర్చీకీ లింగభేదం లేదు. రెండూ ‘అది’. అక్కడ బల్ల ‘తావొలొ’, మగ. కుర్చీ ‘సేదియ’, ఆడ. ‘ఒ’తో ముగిస్తే సాధారణంగా మగ, ‘అ’తో ముగిస్తే సాధారణంగా ఆడ, ‘ఎ’తో ముగిస్తే ఏదైనా కావచ్చు. ‘మానొ’ అంటే చెయ్యి. ‘ఒ’తో ముగిసినా ఆడదే. పక్కన వచ్చే విశేషణమూ తోక మార్చుకోవాలి. చల్లటి పాలు ‘లాత్తె ఫ్రెద్దొ’. చల్లటి నీళ్లు ‘ఆక్క్వ ఫ్రెద్ద’.

మూడోది, మన ‘లో’, ‘మీద’, ‘కింద’ మాట తర్వాత వస్తాయి. వాళ్లకు ముందు వస్తాయి. ‘ఇంట్లో’ అంటే ‘ఇన్ కాస’. ‘బల్ల మీద’ అంటే ‘సుల్ తావొలొ’. ‘కుర్చీ కింద’ అంటే ‘సొత్తొ ల సేదియ’.

నాలుగోది ఆకలి. ఇంగ్లీషువాడు ‘నేను ఆకలిగా ఉన్నాను’ అంటాడు. మనకు ఆకలి ‘వేస్తుంది’. ఇటలీవాళ్లకు ఆకలి ‘ఉంటుంది’, చేతిలో డబ్బులున్నట్టు. ‘ఒ ఫామె.’ దాహమైతే ‘ఒ సేతె’. నిద్రొస్తే ‘ఒ సొన్నొ’. ఇది పోలికకు లొంగదు. బట్టీ పట్టాల్సిందే.

ఐదోది స్నానాల గదిలో ఉంది. ఇటలీ కుళాయి మీద ‘సి’ అక్షరం కనిపిస్తే, ఇంగ్లీషు చదివినవాడు చన్నీళ్లనుకుని తిప్పి చెయ్యి కాల్చుకుంటాడు. అక్కడ ‘సి’ అంటే ‘కాల్దొ’, వేడి. ‘ఎఫ్’ అంటే ‘ఫ్రెద్దొ’, చల్లన. ఇది చెప్పి ఎలా గుర్తుపెట్టుకుంటారని అడిగాను. ఆవిడ తడుముకోకుండా, ‘దానికేముందండీ, కాల్దొ అంటే కాలుద్ది!’ అంది. నలభై ఏళ్లు పాఠాలు చెప్పినవాణ్ని. నాకు తట్టలేదు.

సంస్కృతం సాయం

అంకెల దగ్గర మన పంచాంగం ఆదుకుంది. లాటిన్, సంస్కృతం ఒకే భాషా కుటుంబం. సంస్కృతం మన ఇంట్లో తిథుల రూపంలో, వ్రతాల రూపంలో తిరుగుతూనే ఉంటుంది. ‘దుఎ’ ద్వి, ‘త్రె’ త్రి, ‘సెయి’ షట్, ‘సెత్తె’ సప్త, ‘ఒత్తొ’ అష్ట, ‘నోవె’ నవ, ‘ద్యేచి’ దశ. మిగిలినవి ‘ఊనొ’ ఒకటి, ‘క్వాత్త్రొ’ నాలుగు, ‘చింక్వె’ అయిదు. ముప్పయి ‘త్రెంత’. వారం ‘సెత్తిమాన’. ఏడు రోజులు కాబట్టి, అచ్చం మన సప్తాహంలా. కుడి ‘దేస్త్ర’. మన దక్షిణ హస్తానికి దూరపు చుట్టం. ఎడమ ‘సినీస్త్ర’.

సప్తాహం అనగానే ఆవిడ, ‘మా ఊరి గుళ్లో ప్రతి ఏడూ చేస్తారండి’ అంది. ఇక ఆ మాట మరిచిపోదని నాకు అర్థమైంది.

పెద్దింట్లమ్మ జాతర ఫాల్గుణంలో. ఆ వారం పాఠానికి రాలేదు. మరుసటి ఆదివారం కొల్లేటికోట నుంచి ప్రసాదం తెచ్చింది. ఉగాది వెళ్లాక విమానం ఎక్కింది. చేతిసంచిలో ఆవకాయ, సున్నుండలు, నోటుపుస్తకం.

‘ఇక్కడా కొల్లేరే మాస్టారూ’

ఏప్రిల్ చివర్లో ఫోను చేసింది. ‘మాస్టారూ, ఊరు దాటితే అంతా నీళ్లేనండి. మడులు. వరి. ఇక్కడా కొల్లేరే!’

నిజమే. పావియా, వెర్చెల్లి, నొవారా... ఇవన్నీ ఇటలీ ధాన్యాగారాలు. పో నది నీటిని ఆ పొలాలకు మళ్లించే కవూర్ కాలువను 1863, 1866 మధ్య తవ్వారు. అంతకు పదేళ్ల క్రితమే, 1852లో, మన ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. వసంతంలో మడుల్లో నీళ్లు నింపితే ఆ నేలంతా అద్దంలా మెరుస్తుంది. కొంగలు దిగుతాయి. దోమలూ ఉంటాయి.

పక్కింటి పెద్దావిడకు ఈవిడ రోజూ ‘బ్వొన్‌జోర్నొ, కోమె స్త?’ అంటుందట. ఆవిడ ఒకరోజు రిజొత్తొ పట్టుకొచ్చిందట. వెన్న, జున్ను వేసి మెత్తగా వండిన అన్నం. ‘పొంగలి ఉడికీ ఉడకనట్టు ఉందండి. అయినా మి ప్యాచె అన్నాను. మర్యాద కదా’ అని నవ్వింది.

ఆ రాత్రి

మే మొదటి వారం. నెలలు ఇంకా పూర్తిగా నిండలేదు. మరో మూడు వారాల గడువు ఉందని డాక్టరు చెప్పారు కాబట్టి అల్లుడు రాత్రి డ్యూటీకి వెళ్లాడు. పనిచేసే చోట ఫోను లాకర్లో పెట్టాలి. తెల్లవారుజామున రెండు గంటలకు అమ్మాయి స్నానాల గదిలోంచి కేక పెట్టింది. ఉమ్మనీరు పోయింది. అమ్మాయికి నొప్పితో మాట రావడం లేదు. ఒక చేత్తో గోడ పట్టుకుంది. ఇంకో చేత్తో తల్లి చెయ్యి పట్టుకుంది.

మన దగ్గరైతే 108 అంటాం. 2005 నుంచి ఆ అంకె ఇంటింటికీ తెలుసు. యూరప్ దేశాలన్నిటికీ కలిపి ఉన్న అత్యవసర నంబరు 112. ‘ఊనొ ఊనొ దుఎ.’ ఆవిడ నొక్కింది. అవతల ఎవరో గబగబా ఏదో అన్నారు.

నోటుపుస్తకం ఆఖరి పేజీ మేమిద్దరం ముందే రాసిపెట్టుకున్నాం. అవసరం రాకూడదనే రాసుకున్నాం. ఆవిడ చదివింది.

‘సోనొ ల నొన్న. మీయ ఫీల్య ఎ ఇంచింత. సి సోనొ రొత్తె లె ఆక్క్వె. లె ఫ మాలె ల పాంచ.’

నేను అమ్మమ్మని. మా అమ్మాయి గర్భిణి. ఉమ్మనీరు పోయింది. ఆమెకు కడుపు నొప్పి పెడుతోంది.

‘ఎ’ మరిచిపోలేదు చూశారా!

అవతలి మనిషి ఏదో అడిగారు. అర్థం కాలేదు. ‘నొన్ కపీస్కొ. ప్యూ ప్యానొ, పెర్ ఫవోరె’ అంది. అర్థం కాలేదండీ, కాస్త మెల్లగా. అవతలి వాళ్లు ఒక్కో మాటా విడదీసి అడిగారు. ‘క్వాంతె... సెత్తిమానె?’ సప్తాహం! ఎన్ని వారాలు? ‘త్రెంతసెత్తె’ అంది. ముప్పయ్యేడు. తర్వాత వీధి పేరు, ఇంటి నంబరు. అవి గోడ మీద పెద్దక్షరాల్లో అంటించి ఉన్నాయి. ‘సోల?’ అని అడిగారట. ఒంటరిగా ఉన్నారా అని. ‘నొన్ చె నెస్సూనొ’ అంది. ఎవరూ లేరు.

అంబులెన్సు వచ్చింది. పక్కింటి పెద్దావిడ చప్పుడుకు లేచి, గౌను మీద శాలువా కప్పుకుని, తనూ వచ్చి కూర్చుంది.

ఆసుపత్రిలో ఈవిడ బయట బెంచీ మీద ఉంది. పుట్టేది ఎవరో మన దేశంలో ముందుగా చెప్పడం నేరం. అక్కడ చెబుతారు. కానీ అమ్మాయి, అల్లుడు మాకు చెప్పొద్దని అనుకున్నారు. తెల్లారుతుండగా మంత్రసాని తలుపు తీసి బయటికొచ్చింది. నవ్వుతూ రెండే రెండు మాటలు అంది.

‘ఎ నాత!’

ఇంగ్లీషులో ‘పుట్టారు’ అని చెప్పే మాటకు ఆడ, మగ తేడా లేదు. తెలుగులో ఉంది. పుట్టింది, పుట్టాడు. ఇటాలియన్‌లోనూ ఉంది. ‘ఎ నాత’, ‘ఎ నాతొ’. ఒక్క అచ్చు తేడా.

‘త అంది మాస్టారూ. తొ అనలేదు. మనవరాలు!’ అని ఫోనులో ఆవిడ చెబుతుంటే, వెనక పసిదాని ఏడుపు వినిపించింది. ఆ ఏడుపుకు వ్యాకరణం అక్కర్లేదు.

భాష రాదని ఎవరైనా ఇంట్లోని అమ్మను చూసి నవ్వితే, ఈ కథ చెప్పండి. ఆవిడకు భాష రాకపోవడమేమిటి? తెలుగు వచ్చు కదా. దాన్నే మెట్టు చేసుకుని ఎక్కమనండి.

ఫ్రిజ్ మీద అంటించుకోండి

ఇటలీలో పిల్లలున్న ఇళ్లకు, వెళ్లబోయే అమ్మలకు, అమ్మమ్మలకు పది మాటలు:

1. స్కూజి: ఏవండీ
2. నొన్ కపీస్కొ: నాకు అర్థం కాలేదు
3. ప్యూ ప్యానొ, పెర్ ఫవోరె: కాస్త మెల్లగా చెప్పండి
4. దోవె?: ఎక్కడ?
5. క్వాంతొ కోస్త?: ఎంత?
6. చె... / నొన్ చె...: ఉంది / లేదు
7. మి ఫ మాలె...: నాకు ... నొప్పి పెడుతోంది
8. మి బాస్త, గ్రాత్సియె: నాకు చాలు, థాంక్స్
9. ఆయూతొ!: కాపాడండి!
10. ఊనొ ఊనొ దుఎ: 112

పదకొండోది రాయలేదు. కుళాయి దగ్గర గుర్తొస్తుంది లెండి.